ముక్కు అలర్జీతో పాటు కళ్ల దురద: మాత్ర, ముక్కు స్ప్రే, కంటి చుక్కలలో ఏది ఎవరికి తగినది?

తుమ్ములకు చెవి ముక్కు గొంతు వైద్యుడి దగ్గరికి, కళ్ల దురదకు కంటి వైద్యుడి దగ్గరికి, రెండూ ఒక్కసారిగా ముదిరిన రోజున వీధి చివరి మందుల షాపుకు వెళ్లడం మన ఇళ్లలో మామూలుగా జరిగేదే. అలా తిరిగిన మనిషి దగ్గర కొన్నాళ్లకు ఒక మాత్రల అట్ట, ఒక ముక్కు స్ప్రే, రెండు మూడు రకాల కంటి చుక్కల సీసాలు పోగుపడతాయి. వాటిలో ఏది రోజూ వాడాలి, ఏది అవసరం పడినప్పుడే వాడాలి, ఏది అసలు వైద్యుడి పర్యవేక్షణ లేకుండా ముట్టుకోకూడదు అన్నది చాలామందికి ఎవరూ విడమరచి చెప్పరు. ఆ సందిగ్ధంలో ఉన్నవారి కోసమే ఈ వ్యాసం. ముక్కుకు ఒక జబ్బు, కంటికి మరో జబ్బు వచ్చిందని కాక, ఒకే జబ్బు రెండు చోట్ల బయటపడుతోందని గ్రహిస్తే ఎంపిక చాలావరకు తేలికవుతుంది. అందుకే ముందు ఆ సంబంధాన్ని కొంచెం వివరంగా చెప్పి, తరువాత మందుల పోలికకు వస్తాను.

## ముక్కుకూ కంటికీ మధ్య ఉన్న దారులు

1819లో జాన్ బోస్టాక్ అనే వైద్యుడు ఏటా వేసవిలో తనను పీడించే బాధను లండన్‌లోని వైద్య సంఘానికి వివరించినప్పుడు, దాన్ని కళ్లకూ ఛాతీకీ కాలానుగుణంగా వచ్చే బాధగా పేర్కొన్నారు. తరువాత హే ఫీవర్ అన్న పేరుతో ప్రసిద్ధమైన ఈ వ్యాధికి తొలి స్పష్టమైన వైద్య వర్ణన అదే, అందులో కళ్ల మాటే ముందు వచ్చింది. మనం మాత్రం దీన్ని ముక్కు అలర్జీ అనే పిలుస్తూ, కళ్లను కొసరుగా చూస్తున్నాం. వైద్యులు రెండింటినీ కలిపి అలర్జిక్ రైనోకంజంక్టివైటిస్ అంటారు.

ముక్కు లోపలి పొరలోనూ, కంటి తెల్లగుడ్డునూ రెప్పల లోపలి భాగాన్నీ కప్పి ఉండే పలుచని పొరలోనూ మాస్ట్ కణాలు అనే రక్షణ కణాలు ఉంటాయి. అలర్జీ ఉన్నవారిలో ఈ కణాల మీద ఐజీఈ అనే ప్రతిరక్షకాలు అతుక్కుని ఉంటాయి. పుప్పొడి, పరుపుల్లో పెరిగే డస్ట్ మైట్లు అనే అతి చిన్న పురుగుల విసర్జితాలు, బొద్దింకల పొడి, పెంపుడు జంతువుల చర్మపు పొట్టు వంటివి తగలగానే ఆ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. ముక్కులో అది తుమ్ములుగా, నీటిధారగా, దిబ్బడగా బయటపడితే, కంటిలో దురదగా, ఎరుపుగా, నీళ్లుగా, రెప్పల వాపుగా బయటపడుతుంది. గాలిలో ఉన్న పుప్పొడి రెండు చోట్లా పడుతుంది కనుక రెండూ ఒకేసారి మొదలవడంలో వింత లేదు.

రెండో దారి కన్నీటి నాళం. కంటి లోపలి మూలన రెప్పల అంచుల్లో ఉండే సన్నని రంధ్రాల గుండా కన్నీరు ముక్కులోకి దిగుతుంది. కంట్లో చుక్కల మందు వేసుకున్న కాసేపటికి గొంతులో చేదు తగలడం అందరికీ అనుభవమే. ఆ మందు వెళ్లిన దారినే కంట్లో పడిన పుప్పొడి కూడా ముక్కు చేరుతుంది. ముక్కు లోపలి పొర బాగా వాచినప్పుడు ఈ నాళం కింది ముఖద్వారం ఇరుకై, కన్నీరు దిగలేక చెంపల మీదికి కారడమూ ఉంది.

మూడో దారి నరాలది. మందుల ఎంపికకు సంబంధించినంతవరకు అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే. అలర్జీ కలిగించే పదార్థాన్ని కంటికి తగలనీయకుండా ముక్కులోకి మాత్రమే పంపి చేసిన పరీక్షల్లో, కొద్దిసేపటికే కళ్లు దురద పెట్టి నీళ్లు కారాయి. ముందుగా ముక్కులో యాంటీహిస్టమిన్ మందు, అంటే హిస్టమిన్‌ను అడ్డుకునే మందు, చల్లి ఉంచితే ఆ కంటి బాధ తగ్గింది. ముక్కులోని నరాలు రేగినప్పుడు ఆ సంకేతం మెదడు కాండం దాకా వెళ్లి, అక్కడి నుంచి కన్నీటి గ్రంథికీ కంటి పొరలోని రక్తనాళాలకూ మళ్లుతుందని దీనివల్ల తెలిసింది. ముక్కులో కొట్టుకునే స్ప్రే కంటి దురదను ఎలా తగ్గిస్తుందని అడిగేవారికి సమాధానం ఇక్కడే ఉంది: మందు కంటిదాకా పోవడం వల్ల కాదు, ముక్కు నుంచి కంటికి వెళ్లే సంకేతాన్ని మొదట్లోనే అణచడం వల్ల.

## పోల్చే ముందు: ఇది అలర్జీయేనా?

మందు ఎంచుకునే ముందు జబ్బును సరిగా గుర్తించాలి. అలర్జీకి ప్రధాన గుర్తు దురద. రెండు కళ్లూ దురద పెట్టి, పలుచని నీరు కారి, తుమ్ములు కూడా తోడైతే అది అలర్జీ అయ్యే అవకాశం ఎక్కువ. ఉదయం లేచేసరికి రెప్పలు పుసితో అతుక్కుపోవడం, ఒక కంటితో మొదలై ఒకటి రెండు రోజుల్లో రెండో కంటికి పాకడం, ఇంట్లో మరొకరికీ రావడం కళ్లకలక లక్షణాలు. 2023 వానాకాలంలో కళ్లకలక తెలుగు రాష్ట్రాలతో సహా దేశమంతటా విపరీతంగా వ్యాపించింది. కళ్లు ఎర్రబడిన ప్రతివారికీ ఒకే చుక్కల మందు పనికిరాదు. అలర్జీకి యాంటీబయాటిక్ చుక్కలు ఏ మేలూ చేయవు.

దుమ్ము, ఘాటు వల్ల కలిగే చికాకు కూడా అలర్జీలాగే కనిపిస్తుంది. గుంటూరు మిర్చి యార్డులో అడుగుపెట్టిన ఎవరికైనా తుమ్ములొస్తాయి, కళ్లు మండుతాయి. అది అలర్జీ కాదు, కారపు ఘాటు. విశాఖపట్నంలో 2014 నాటి హుద్‌హుద్ తుపాను తరువాత విరివిగా నాటిన ఏడాకుల పాల చెట్లు శీతాకాలం మొదట్లో పూసినప్పుడు, ఆ గాఢమైన వాసనతో ఊపిరాడటం లేదనీ తుమ్ములొస్తున్నాయనీ నగరవాసులు ఫిర్యాదు చేస్తుంటారు. అందులో వాసన చికాకు ఎంత, నిజమైన అలర్జీ ఎంత అన్నది మనిషిని బట్టి వేరుగా ఉంటుంది. దుమ్ముకు దూరమైన గంటలోనే పూర్తిగా తగ్గిపోయి, దురదకన్నా మంట ఎక్కువగా ఉండే బాధకు రోజువారీ అలర్జీ మందులు అనవసరం.

## ఏ ప్రమాణాలతో పోల్చాలి

మొదటిది, బాధ ఎన్ని రోజులు ఉంటోందన్నది. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం వారానికి 4 రోజులకు తక్కువగా గానీ, వరుసగా 4 వారాలకు మించకుండా గానీ ఉంటే అది అడపాదడపా వచ్చే అలర్జీ. వారానికి 4 రోజులకు పైగా, 4 వారాలకు మించి కొనసాగితే దీర్ఘకాలికం. నిద్ర చెడుతోందా, బడికో పనికో ఆటంకం కలుగుతోందా అన్నదాన్ని బట్టి తీవ్రతను నిర్ణయిస్తారు. ఈ ఒక్క ప్రమాణంతోనే సగం మంది ఎంపిక తేలిపోతుంది.

రెండోది, ఎక్కువ బాధ పెడుతున్నది దిబ్బడా, తుమ్ములూ కారడమా, లేక కళ్లా అన్నది. ఒక్కో మందు బలం ఒక్కో చోట ఉంటుంది. మూడోది వేగం: ఈ గంటలో ఉపశమనం కావాలా, ఈ నెలంతా నెమ్మదిగా ఉండటం కావాలా? నాలుగోది మత్తు. ఆటో, లారీ, బస్సు నడిపేవారికీ, పరీక్షలకు చదువుకునేవారికీ ఇది చిన్న విషయం కాదు. అయిదోది, నెలల తరబడి వాడితే కంటికి భద్రమేనా అన్నది. వయసు, గర్భం, ఉబ్బసం, నీటికాసులు, పొడి కళ్లు, కాంటాక్ట్ లెన్సులు వంటి వ్యక్తిగత విషయాలు చివర చూడవలసినవి. ధర గురించి ఒక్క మాట చాలు: వీటిలో చాలా మందులు జనరిక్ రూపంలో దొరుకుతాయి, పేరు మార్చి కొన్నంత మాత్రాన గుణం తగ్గదు.

| మార్గం | ముక్కు దిబ్బడ | తుమ్ములు, నీరు | కళ్ల దురద | పని మొదలయ్యే సమయం | ముఖ్యమైన జాగ్రత్త |
|---|---|---|---|---|---|
| యాంటీహిస్టమిన్ మాత్ర | కొద్దిగా | బాగా | ఓ మోస్తరుగా | గంట, రెండు గంటలు | కొన్నిటితో మత్తు, కళ్లు పొడిబారడం |
| ముక్కు స్టెరాయిడ్ స్ప్రే | చాలా బాగా | చాలా బాగా | ఓ మోస్తరు నుంచి బాగా | సగం రోజు. పూర్తి ఫలితం 1–2 వారాలు | రోజూ వాడాలి. ముక్కు నుంచి రక్తపు చారలు |
| ముక్కు యాంటీహిస్టమిన్ స్ప్రే | ఓ మోస్తరుగా | బాగా | ఓ మోస్తరుగా | 15–30 నిమిషాలు | చేదు రుచి, కొందరికి మత్తు |
| రెండూ కలిసిన స్ప్రే | చాలా బాగా | చాలా బాగా | బాగా | అరగంట లోపు | చేదు రుచి, ధర ఎక్కువ |
| అలర్జీ కంటి చుక్కలు | లేదు | స్వల్పం | చాలా బాగా | కొన్ని నిమిషాలు | లెన్సు తీసి వేసుకోవాలి |
| ఇమ్యునోథెరపీ (అలర్జీ కలిగించే పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇచ్చే చికిత్స) | బాగా | బాగా | బాగా | నెలలు | 3–5 ఏళ్ల ఓపిక, నిపుణుడి పర్యవేక్షణ |

## మాత్రలు: తేలిక, కానీ అన్ని రోజులకూ కాదు

అలర్జీ అనగానే మనకు గుర్తొచ్చేది మాత్రే. ఒకే మాత్ర రక్తంలో కలిసి ముక్కుకూ కంటికీ చేరుతుంది కనుక, రెండు చోట్లా తేలికపాటి బాధ ఉన్నవారికి, బాధ ఎప్పుడో ఒకసారి వచ్చేవారికి ఇది సరైన మొదటి మెట్టు. పెళ్లి ఇంట్లో సున్నం, దుమ్ము మధ్య రెండు రోజులు గడపవలసి వచ్చినవారికి నెలల తరబడి స్ప్రే అవసరం లేదు.

అయితే మాత్రల్లో పాతతరం, కొత్తతరం తేడా తెలిసి ఉండాలి. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్ వంటి పాత మందులు మెదడులోకి సులువుగా వెళ్లి మత్తు, మందకొడితనం కలిగిస్తాయి. జలుబు మందుల మిశ్రమాల్లో ఇవి తరచుగా ఉంటాయి. రోజువారీ అలర్జీకి వీటిని వాడవలసిన అవసరం నేడు దాదాపు లేదు. కొత్తతరం మందుల్లో సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ కొందరికి ఇంకా నిద్ర తెప్పిస్తాయి. లోరటడిన్, బిలాస్టిన్ తక్కువ. ఫెక్సోఫెనడిన్ అన్నిటికన్నా తక్కువ. ఫెక్సోఫెనడిన్‌ను బత్తాయి, నారింజ, ఆపిల్ రసాలతో వేసుకుంటే ఒంటికి పట్టేది బాగా తగ్గిపోతుంది కనుక మంచినీళ్లతోనే వేసుకోవాలి.

మాత్ర బలహీనత రెండు చోట్ల ఉంది. అది దిబ్బడను అంతగా తగ్గించదు. కళ్లకు చుక్కల మందు ఇచ్చినంత త్వరగా, అంత గట్టిగా ఉపశమనం ఇవ్వదు. పైగా కొందరిలో కన్నీటిని తగ్గించి కళ్లను పొడిబారుస్తుంది. పొడిబారిన కంట్లో పుప్పొడిని కడిగివేసే నీరు తగ్గి, మంట పెరుగుతుంది. మాత్ర వేసుకున్నా కళ్లు మండుతున్నాయని మరో మాత్ర వేసుకునేవారు ఈ సంగతి గమనించాలి.

మాంటెలుకాస్ట్ కలిపిన లెవోసెట్రిజిన్ మాత్ర మన దగ్గర చాలా విరివిగా రాస్తారు. ఉబ్బసం కూడా ఉన్నవారికి మాంటెలుకాస్ట్‌తో ప్రయోజనం ఉండవచ్చు. కానీ మనసు కుంగడం, చిరాకు, పీడకలలు, ఆత్మహత్య ఆలోచనల ప్రమాదం ఉన్నందున 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి అత్యంత తీవ్రమైన హెచ్చరికను జోడించి, ముక్కు అలర్జీకి ఇతర మందులు పనిచేయనప్పుడే వాడమని సూచించింది. ముఖ్యంగా పిల్లలకు ఈ మాత్ర రాసినప్పుడు అది ఎందుకు అవసరమో తల్లిదండ్రులు తప్పక అడగాలి.

## ముక్కు స్టెరాయిడ్ స్ప్రే: దీర్ఘకాలిక అలర్జీకి మొదటి ఎంపిక

వారానికి 4 రోజులకు పైగా బాధ ఉండి, దిబ్బడ ప్రధానంగా ఉన్నవారికి నా స్పష్టమైన సలహా ఇదే. ఫ్లూటికాసోన్, మొమెటాసోన్, బుడెసోనైడ్ స్ప్రేలు ముక్కు లోపలి వాపును దాని మూలంలోనే తగ్గిస్తాయి. ఇందాక చెప్పిన నరాల దారి కారణంగా కంటి దురద, నీళ్లు కూడా తగ్గుతాయి. ఈ కంటి ఫలితం అందరిలోనూ ఒకే స్థాయిలో ఉండదు, అయినా ముక్కు కోసం ఎలాగూ వాడవలసిన మందుతో కళ్లకు కూడా మేలు కలగడం చిన్న లాభం కాదు.

స్టెరాయిడ్ అన్న మాట వినగానే భయపడేవారు ఎక్కువ. ఈ స్ప్రేలలోని మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. మొమెటాసోన్, ఫ్లూటికాసోన్ రక్తంలోకి చేరేది అత్యల్పం. మాత్రలుగా, ఇంజెక్షన్లుగా తీసుకునే స్టెరాయిడ్లతో దీన్ని సమానం చేయడం తప్పు. వైద్యుల సూచన మేరకు మొమెటాసోన్‌ను రెండేళ్లు దాటిన పిల్లలకు కూడా ఇస్తారు; నెలల తరబడి వాడే పిల్లల ఎత్తును మాత్రం అప్పుడప్పుడు కొలిపించాలి.

ఈ మందు పని చేయలేదని చెప్పేవారిలో చాలామంది విషయంలో లోపం మందులో కాదు, వాడిన తీరులో ఉంటుంది. రెండు రోజులు కొట్టి మానేస్తే ఫలితం తెలియదు. కనీసం రెండు వారాలు క్రమం తప్పకుండా వాడాలి. సీసాను ఊపి, కొత్తదైతే పలుచని తుంపర వచ్చేదాకా గాలిలో నొక్కి, తలను వెనక్కి వాల్చకుండా కొద్దిగా ముందుకు వంచాలి. కుడి ముక్కు రంధ్రానికి ఎడమ చేతితో, ఎడమ రంధ్రానికి కుడి చేతితో పట్టుకుంటే స్ప్రే మొన ముక్కు నడిమి గోడ వైపు కాక బయటి వైపు, అదే వైపు కంటి బయటి కొన దిశగా తిరుగుతుంది. నడిమి గోడకు నేరుగా తగిలితే పుండ్లు పడి రక్తపు చారలు రావచ్చు. కొట్టేటప్పుడు గట్టిగా పీల్చకూడదు. గట్టిగా పీలిస్తే మందు ముక్కులో నిలవక గొంతులోకి జారిపోతుంది. ఉప్పునీటితో ముక్కు కడుక్కునే అలవాటు ఉన్నవారు ముందు కడుక్కుని, తరువాతే స్ప్రే వాడాలి.

ఆ ఉప్పునీటి విషయం కూడా ఇక్కడే చెప్పాలి. జలనేతి మనకు తెలిసిన పద్ధతే. ముక్కులో చేరిన పుప్పొడిని, చీమిడిని అది బాగా కడిగివేస్తుంది. కానీ కుళాయి నీటిని నేరుగా వాడకూడదు. నెగ్లీరియా ఫౌలెరీ అనే అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరి ప్రాణం తీయగలదు. కనుక మరిగించి చల్లార్చిన నీరు గానీ, డిస్టిల్డ్ వాటర్ గానీ మాత్రమే వాడాలి.

## యాంటీహిస్టమిన్ స్ప్రే, మిశ్రమ స్ప్రే

అజెలాస్టిన్ స్ప్రే స్టెరాయిడ్ కన్నా చాలా త్వరగా, పావుగంట నుంచి అరగంటలో పనిచేస్తుంది. చేదు రుచి దీని పెద్ద ఇబ్బంది. అజెలాస్టిన్, ఫ్లూటికాసోన్ కలిసిన స్ప్రే ఆ రెంటి బలాన్నీ ఒకే సీసాలో ఇస్తుంది. స్టెరాయిడ్ స్ప్రేను సరైన పద్ధతిలో రెండు వారాలు వాడినా చాలనప్పుడు తరువాతి మెట్టు ఇదే కావాలి. చాలామంది ఈ మెట్టు ఎక్కకుండా మాత్ర మీద మాత్ర కలుపుకుంటూ పోతారు. స్ప్రేకు మాత్ర జోడించడం కన్నా ఈ మిశ్రమానికి మారడం సాధారణంగా ఎక్కువ ఫలితాన్నిస్తుంది.

ముక్కు దిబ్బడను నిమిషాల్లో తీసే ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు ఈ పోలికలో చేరవు. మూడు నుంచి అయిదు రోజులకు మించి వాడితే, మందు ఆపగానే ముక్కు మునుపటి కన్నా ఎక్కువగా దిబ్బడేసి, మనిషిని ఆ సీసాకు బానిసను చేస్తుంది. కంటి ఎరుపును తగ్గించే నఫజోలిన్ చుక్కలదీ ఇదే కథ.

## కంటి చుక్కలు: మంచివి, ప్రమాదకరమైనవి పక్కపక్కనే

కళ్ల దురదే ప్రధాన బాధ అయినవారికి ఓలోపటడిన్, కెటోటిఫెన్, బెపోటాస్టిన్ వంటి చుక్కలను మించిన మార్గం లేదు. ఇవి హిస్టమిన్‌ను అడ్డుకోవడంతో పాటు మాస్ట్ కణాలను కూడా స్థిరపరుస్తాయి. నిమిషాల్లో ఉపశమనమిచ్చి గంటల తరబడి నిలుస్తాయి. ఓలోపటడిన్ 0.1 శాతం రోజుకు రెండుసార్లు, 0.2 శాతం ఒకసారి వేస్తారు. కన్నీటి నాళం గుండా కొంత ముక్కులోకి దిగడం వల్ల తుమ్ములు స్వల్పంగా తగ్గవచ్చు, కానీ దిబ్బడకు ఇవి మందు కావు. సోడియం క్రోమోగ్లైకేట్ చుక్కలు చాలా సురక్షితమైనవి. అయితే రోజుకు నాలుగుసార్లు వేయాలి, ఫలితానికి వారం పది రోజులు పడుతుంది. అలర్జీ కాలం రాబోతోందని ముందే తెలిసిన ఓపికమంతులకు మాత్రమే అవి తగినవి.

చుక్క వేశాక కంటి లోపలి మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు మృదువుగా నొక్కి ఉంచితే మందు ముక్కులోకి జారకుండా కంట్లోనే నిలుస్తుంది, గొంతులో చేదు కూడా తగ్గుతుంది. రెండు రకాల చుక్కల మధ్య అయిదు నిమిషాలు, చుక్కలకూ లెన్సు పెట్టుకోవడానికీ మధ్య కనీసం పది పదిహేను నిమిషాలు వ్యవధి ఉండాలి. ఫ్రిజ్‌లో పెట్టిన కృత్రిమ కన్నీటి చుక్కలు పుప్పొడిని కడిగి, చల్లదనంతో దురదను తగ్గిస్తాయి. మన ఇళ్లలో కళ్ల మంటకు మూసిన రెప్పల మీద నందివర్ధనం పూలు పెట్టుకునేవారు. ఆ చల్లదనం కోసమే అయితే శుభ్రమైన తడిగుడ్డ అదే పని చేస్తుంది, కొత్త పుప్పొడి తోడు కాదు. చనుబాలు, తేనె, ఆముదం కంట్లో వేయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు.

ఇక స్టెరాయిడ్ కంటి చుక్కల గురించి. ఈ వ్యాసంలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచినది ఇదే. ముక్కు స్టెరాయిడ్ స్ప్రే గురించి చెప్పిన ధైర్యం వీటికి వర్తించదు. ఇవి అద్భుతంగా పనిచేస్తాయి, చిక్కు అక్కడే ఉంది. ఎర్రగా మండే కన్ను ఒక్క రోజులో తెల్లబడుతుంది. మనిషి ఆ సీసాను దాచుకుని, మళ్లీ దురద వచ్చినప్పుడల్లా అదే కొనుక్కుంటాడు. నెలలు గడిచేసరికి కొందరిలో కంటి లోపలి ఒత్తిడి పెరిగి, నొప్పి లేకుండానే దృష్టి నరం దెబ్బతింటుంది. ఇలా నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు. శుక్లం త్వరగా రావడం, హెర్పిస్ వైరస్ సోకిన కంట్లో పుండు ముదరడం మిగిలిన ప్రమాదాలు.

మన ప్రాంతంలో ఈ ప్రమాదం ఎక్కువగా పిల్లల మీద పడుతోంది. వేడి, పొడి వాతావరణంలో, అయిదు నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో వర్నల్ కెరటోకంజంక్టివైటిస్ అనే తీవ్రమైన కంటి అలర్జీ వస్తుంది. భరించలేని దురద, వెలుతురు చూడలేకపోవడం, తీగలా సాగే పుసి, పై రెప్ప లోపల రాళ్లు పరిచినట్టు బొడిపెలు దీని లక్షణాలు. ఏళ్ల తరబడి సాగే ఈ వ్యాధికి కంటి నిపుణులు స్టెరాయిడ్ చుక్కలను కొద్ది రోజులు వాడించి, ఒత్తిడి కొలుస్తూ, తరువాత సైక్లోస్పోరిన్ చుక్కలకో టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్‌కో మారుస్తారు. పాత చీటీ చూపించి తల్లిదండ్రులు అదే చుక్కలను రెండేళ్లు కొనడంతోనే ఆపద మొదలవుతుంది.

సీసా మీద పేరు చదవడం నేర్చుకుంటే చాలావరకు జాగ్రత్తపడవచ్చు. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథొలోన్, లోటెప్రెడ్నాల్, డైఫ్లుప్రెడ్నేట్: వీటిలో ఏ పేరు ఉన్నా అది స్టెరాయిడ్. యాంటీబయాటిక్‌తో కలిపి అమ్మే చుక్కల్లో రెండో పేరుగా ఇవి దాగి ఉంటాయి కనుక, చిన్న అక్షరాలను కూడా చదవాలి.

## ఇమ్యునోథెరపీ: దీర్ఘ ప్రయాణానికి సిద్ధమైనవారికి

1911లో లండన్‌లో లియొనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారాన్ని కొద్దికొద్దిగా ఇంజెక్షన్లుగా ఇచ్చి మొదలుపెట్టిన పద్ధతి ఇది. నేడు ఇంజెక్షన్లుగా గానీ, నాలుక కింద చుక్కలుగా, మాత్రలుగా గానీ ఇస్తారు. మిగిలిన మందులన్నీ లక్షణాలను అణచేవైతే, శరీరం స్పందించే తీరునే మార్చేది ఇదొక్కటే. ముక్కుకూ కళ్లకూ కలిపి మేలు చేస్తుంది, ఆపిన తరువాత కూడా కొన్నేళ్లు ఫలితం నిలుస్తుంది. కానీ 3 నుంచి 5 ఏళ్లు కొనసాగించాలి. ఇంజెక్షన్ తరువాత అరుదుగా ప్రమాదకరమైన ప్రతిచర్య రావచ్చు కనుక అరగంట ఆస్పత్రిలోనే ఉండాలి. అదుపులో లేని ఉబ్బసం ఉన్నవారికి ఇది మొదలుపెట్టరు.

బాధకు కారణమైన పదార్థం ఏదో చర్మ పరీక్షతోనో, రక్తంలో ఐజీఈ పరీక్షతోనో తేలి, అది రోగి అనుభవంతో సరిపోలినప్పుడే దీనికి అర్థం ఉంటుంది. పరీక్షలో పదిహేను పదార్థాలకు స్పందన కనిపించిందని పదిహేనింటినీ కలిపి ఇచ్చే చికిత్స పట్ల జాగ్రత్తగా ఉండాలి. చర్మ పరీక్షకు వెళ్లేవారు యాంటీహిస్టమిన్ మాత్రలను ఎన్ని రోజుల ముందు ఆపాలో వైద్యుడిని అడగాలి. సాధారణంగా వారం రోజులు ఆపమంటారు.

## ఎవరికి ఏది

ఏడాదిలో కొద్ది రోజులే బాధపడేవారికి, అంటే వయ్యారిభామ గుబురుగా పెరిగిన చోటికి వెళ్లినప్పుడో, ఇల్లు దులిపినప్పుడో మాత్రమే తుమ్ములు, దురద వచ్చేవారికి మత్తు తక్కువ ఉన్న మాత్ర, చేతిలో ఒక ఓలోపటడిన్ సీసా చాలు.

ఏడాది పొడవునా ఉదయం పూట ముక్కు దిబ్బడ, తుమ్ములు, కళ్ల కింద నల్లటి వలయాలు ఉన్నవారికి డస్ట్ మైట్లు కారణమయ్యే అవకాశం ఎక్కువ; కోస్తా జిల్లాల తేమలో ఇవి బాగా పెరుగుతాయి. వీరికి రోజువారీ స్టెరాయిడ్ స్ప్రే పునాది. కళ్లు ఇంకా దురద పెడితే చుక్కలు చేర్చాలి, మాత్ర కాదు. దిండు గలీబులు, దుప్పట్లను వారానికోసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతకడం, పాత దూది పరుపుకు మైట్లు చొరబడని తొడుగు వేయడం మందుకు తోడుగా నిలుస్తాయి.

వాహనం నడిపేవారు, యంత్రాల మీద పనిచేసేవారు స్ప్రే, చుక్కల జంటను ఎంచుకుని, మాత్ర తప్పనిసరైతే ఫెక్సోఫెనడిన్‌కో బిలాస్టిన్‌కో పరిమితం కావాలి. ద్విచక్ర వాహనం మీద హెల్మెట్ అద్దం దించుకోవడం కళ్లకు ఏ మందూ ఇవ్వలేని రక్షణ.

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవారికి, లెన్సులు వాడేవారికి కన్ను అప్పటికే పొడిగా ఉంటుంది. మాత్ర దాన్ని పెంచుతుంది. వీరు అలర్జీ రోజుల్లో లెన్సులు మాని కళ్లద్దాలకు మారడం, ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీటి చుక్కలు వాడటం మంచిది. ఒక్కరోజు వాడి పారేసే లెన్సుల మీద పుప్పొడి పేరుకోదు.

గర్భిణుల విషయంలో బుడెసోనైడ్ స్ప్రే, లోరటడిన్, సెట్రిజిన్‌లకు ఎక్కువ కాలపు అనుభవం ఉంది; అయినా మొదటి మూడు నెలల్లో ఉప్పునీటితో కడగడం, తడిగుడ్డ వంటి వాటితోనే మొదలుపెట్టి, మందును ప్రసూతి వైద్యురాలితో మాట్లాడాకే చేర్చాలి. ఇమ్యునోథెరపీని గర్భంలో కొత్తగా మొదలుపెట్టరు. నీటికాసులు ఉన్నవారు, కుటుంబంలో ఆ వ్యాధి ఉన్నవారు ముక్కు స్ప్రే వాడుతున్న సంగతి కంటి వైద్యుడికి చెప్పి ఒత్తిడి కొలిపించుకోవాలి. రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు ఉన్నవారు ఉబ్బసం పరీక్ష కూడా చేయించుకోవాలి. ముక్కు వాపు అదుపులో లేకపోతే ఉబ్బసమూ సులువుగా లొంగదు.

పిల్లలకు మందు ఏదైనా, కళ్లు నులమకుండా చూడటం దానితో సమానమైన చికిత్స. ఏళ్ల తరబడి గట్టిగా నులమడం వల్ల నల్లగుడ్డు (కార్నియా) పలచబడి శంఖంలా ముందుకు పొడుచుకువచ్చే కెరటోకోనస్‌కు దారి తీయవచ్చు. కళ్లద్దాల నంబరు ఏటా వేగంగా మారుతున్న అలర్జీ పిల్లలకు కార్నియా పరీక్ష అవసరం.

అమెరికాలో ఉన్న మనవారికి రెండు మాటలు. అక్కడ వసంతంలో చెట్ల పుప్పొడి, ఆగస్టు నుంచి మంచు పడేదాకా రాగ్‌వీడ్ పుప్పొడి ప్రధానం. రాగ్‌వీడ్, మన వయ్యారిభామ ఒకే కుటుంబానికి చెందినవి కనుక ఇక్కడ ఒకదానితో బాధపడ్డవారికి అక్కడ మరొకదానితో బాధ రావచ్చు. ఫ్లూటికాసోన్ స్ప్రే, ఓలోపటడిన్ చుక్కలు అక్కడ చీటీ లేకుండానే దొరుకుతాయి. కాలం మొదలవడానికి రెండు వారాల ముందే స్ప్రే ప్రారంభించాలి.

కంటి నొప్పి, వెలుతురు భరించలేకపోవడం, చూపు మసకబారడం, ఒకే కన్ను ఎర్రబడటం ఉంటే ఈ పోలికలన్నీ పక్కనపెట్టి అదే రోజు కంటి వైద్యుడిని కలవాలి. ఒకే ముక్కు రంధ్రం నుంచి దుర్వాసనతోనో రక్తంతోనో స్రావం వస్తుంటే చెవి ముక్కు గొంతు వైద్యుడికి చూపించాలి. మిగిలినవారు, ఇంట్లో పోగుపడిన మాత్రలను, స్ప్రేలను, చుక్కల సీసాలను అన్నిటినీ ఒక సంచిలో వేసుకుని ఎవరో ఒకే వైద్యుడి ముందు పెట్టి, రోజువారీ మందు ఏది, అవసరానికి వాడేది ఏది, పారేయవలసింది ఏది అని ఒక్కొక్కటిగా అడిగి సీసాల మీదే రాయించుకోవాలి.